మళ్ళీ మళ్ళీ ఆడించే గుణం: వ్యూహానిదా, వేటదా?

ప్రవాసంలోని తెలుగు ఇళ్ళలోకి కంప్యూటరు అడుగుపెట్టిన నాడే దాని వెంట కంప్యూటరు ఆటలు కూడా వచ్చి తిష్ఠ వేశాయన్న సంగతి తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. డబ్బు పోసి కొన్న ఆటలలో కొన్నింటిని పిల్లలు వారం రోజులలో ముగించి మూలన పడవేస్తారు. మరికొన్నింటిని సంవత్సరాల తరబడి ఆడుతూనే ఉంటారు. ఆ పిల్లలే పెద్దవారై, ఉద్యోగాలలో చేరి, తమ పిల్లలను నిద్రపుచ్చిన తరువాత మళ్ళీ ఆ పాత ఆటనే తెరిచి కూర్చోవడం మనలో చాలామంది చూస్తున్నదే. ఒకే ఆట మనిషిని ఇన్నిసార్లు వెనక్కి పిలిపించుకోవడానికి కారణమేమిటి? ఈ గుణాన్ని ఆంగ్లంలో రీప్లే వాల్యూ అంటారు. మనం దీనిని మళ్ళీ ఆడించే గుణం అందాం. ఆ గుణం పుష్కలంగా గల రెండు జాతుల ఆటలను పక్కపక్కన ఉంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి జాతి స్ట్రాటజీ ఆటలు, అనగా వ్యూహక్రీడలు. వీటిలో ఆడేవాడు రాజ్యానికి అధిపతి. నగరాలు కట్టడం, పొలాలు దున్నించడం, విద్యలు నేర్పించడం, ఇరుగుపొరుగు రాజులతో సంధి విగ్రహాలు నడపడం అతని పని. 1991లో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీలు రూపొందించిన సివిలైజేషన్ వీటిలో సుప్రసిద్ధమైనది. రెండవ జాతి యాక్షన్ రోల్ ప్లేయింగ్ ఆటలు. వీటిలో ఆడేవాడు ఒక్క వీరుని పాత్ర ధరిస్తాడు. నేలమాళిగలలోకి దిగి రాక్షసులను సంహరిస్తాడు, వారి వద్ద రాలిన కత్తులు, కవచాలు, ఉంగరాలు ఏరుకుంటాడు, వాటి బలంతో ఇంకా లోతుకు దిగుతాడు. 1996-97 సంధికాలంలో వెలువడిన డయాబ్లో వీటికి ఒజ్జబంతి. కాలిఫోర్నియాలో ఉన్న మనవారిలో కొందరు శనివారాలు ఎక్కి వచ్చే డయాబ్లో పర్వతం పేరే ఈ ఆటకు పెట్టారు. స్పానిష్ భాషలో ఆ మాటకు సైతాను అని అర్థం.

ఈ రెండు జాతుల తేడా తెలుసుకోవడానికి మన అమ్మమ్మల ఇంటి అరుగు మీదికి ఒక్కసారి వెళ్ళి వద్దాం. వైకుంఠపాళిలో ఆడేవాని తెలివికి పని లేదు. గవ్వలు ఎంత చెబితే అన్ని గళ్ళు నడవాలి. నిచ్చెన ఎక్కినా, పాము నోట పడినా అది మన ప్రజ్ఞ కాదు. అయినా పిల్లలు మళ్ళీ మళ్ళీ ఆడతారు, తరువాతి పందెం ఏమి పడుతుందో తెలియదు గనుక. పులిజూదంలో గవ్వలే లేవు. బండ మీద గీసిన గీతలు, మూడు పులులు, పదిహేను మేకలు, అంతే. అయినా దానినీ మళ్ళీ ఆడతారు. ఆ మేకను అక్కడ పెట్టి ఉండకపోతే పులి కట్టుబడిపోయేది కదా అన్న ఆలోచన మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు గనుక. మొదటి ఆట రేపటి అదృష్టం మీది ఆశతో పిలుస్తుంది, రెండవది నిన్నటి ఎత్తు మీది పశ్చాత్తాపంతో పిలుస్తుంది. కంప్యూటరు ఆటలలోనూ ఈ రెండు పిలుపులే ఉన్నాయి. పాళ్ళు మాత్రమే వేరు.

ఆశ సంగతి ముందుగా చూద్దాం. తొలినాటి సాహసక్రీడలకు ఒక తీరని జబ్బు ఉండేది. గుహలో ఏ మలుపు వద్ద ఏ నిధి ఉన్నదో రచయిత ఒక్కసారి నిర్ణయించి వ్రాసేవాడు. ఒకసారి గెలిచినవానికి ఇక అందులో రహస్యం లేదు. రచయితకైతే మొదటిసారి కూడా లేదు. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ ఈ సంగతినే పట్టుకున్నారు. తయారుచేసిన తమనే ఆశ్చర్యపరచగల ఆట కావాలనుకుని, నేలమాళిగ పటాన్ని ప్రతి పర్యాయం యంత్రమే కొత్తగా గీసేటట్లు రోగ్ అనే ఆటను వ్రాశారు. అందులో బొమ్మలు కూడా లేవు, తెర మీద అక్షరాలు, చుక్కలు మాత్రమే. దాని సంతానంలో మోరియా, ఆంగ్‌బాండ్ అనేవి ఉన్నాయి. విద్యార్థిదశలో వాటిని విడువకుండా ఆడిన డేవిడ్ బ్రెవిక్ అనే యువకుడే తరువాత డయాబ్లోకు ప్రధాన శిల్పి అయ్యాడు.

యంత్రం కొత్తగా గీయడమంటే ఏమిటి? కంప్యూటరుకు స్వతహాగా యాదృచ్ఛికత తెలియదు. చెప్పిన లెక్క చెప్పినట్లు చేయడమే దానికి వచ్చు. అందుచేత అది అదృష్టాన్ని కూడా లెక్కకట్టి తయారుచేస్తుంది. ఈ చిన్న ఉదాహరణను పిల్లలతో కలిసి కాగితం మీద చేసి చూడవచ్చు. ఒక అంకె తీసుకొనండి, దానిని 5తో గుణించి 3 కలపండి, వచ్చిన దానిని 16తో భాగించి శేషాన్ని మాత్రం ఉంచుకొనండి. 7తో మొదలుపెడితే 38 వస్తుంది, శేషం 6. ఆ 6తో మళ్ళీ చేస్తే 33, శేషం 1. ఇలా సాగదీస్తే 7, 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4 వరుసగా వచ్చి, ఆపైన మళ్ళీ 7 వస్తుంది. సున్న నుండి పదిహేను వరకు ప్రతి అంకె ఒక్కొక్కసారి వచ్చింది. సూత్రం తెలియనివానికి ఈ వరుస గవ్వల పందెంలాగే కనిపిస్తుంది. ఆటలు వాడే సూత్రాలలో 16కు బదులు వందల కోట్లకు మించిన సంఖ్యలుంటాయి గనుక వరుస తిరిగి మొదటికి రావడానికి చాలా కాలం పడుతుంది. మొదలుపెట్టిన అంకెను బీజం అంటారు. బీజం మారితే మాళిగలో గోడలు, తలుపులు, నిధులు, రాక్షసులు అన్నీ మారిపోతాయి. అదే బీజం ఇస్తే అదే మాళిగ అక్షరం తప్పకుండా తిరిగి వస్తుంది.

డయాబ్లో చేసినదేమంటే ఈ సూత్రాన్ని గోడలతో ఆపక ఆయుధాలకు కూడా పట్టించడం. ఒక కత్తి పేరుకు ముందొక విశేషణం, వెనకొకటి తగిలిస్తారు. ఒక్కొక్క విశేషణానికి ఒక్కొక్క శక్తి. లెక్క తేలికగా ఉండటానికి 40 రకాల వస్తువులు, 30 ముందు విశేషణాలు, 30 వెనుక విశేషణాలు ఉన్నాయనుకుందాం. గుణిస్తే 36,000 వస్తువులు. చిత్రకారుడు గీయవలసినవి మాత్రం 40 బొమ్మలే. ఇంత పొదుపైన వ్యవసాయం మరొకటి లేదు.

వేగం కూడా ఇందులో భాగమే. మొదట బ్రెవిక్ ఈ ఆటను చదరంగంలాగా వంతులవారీగా తలపెట్టాడు. కత్తి దూస్తే శత్రువు వెంటనే కూలేటట్లు చేయమని ప్రచురణకర్తలైన బ్లిజార్డ్ సంస్థవారు ఒత్తిడి చేయగా చాలాకాలం ఒప్పుకోలేదు. చివరకు ఒకనాడు కూర్చుని కొన్ని గంటలలో మార్చి చూశానని, రాక్షసుని మీద మొదటి దెబ్బ వేసిన క్షణంలోనే దాని శక్తి తెలిసివచ్చిందని ఆయనే తరువాత చెప్పాడు. ఆ మార్పు వల్ల దెబ్బకు, బహుమానానికి మధ్య ఎడం క్షణాలలోకి వచ్చింది.

ఇక్కడ మనస్తత్వశాస్త్రం ప్రవేశిస్తుంది. బి. ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ పావురాల మీద జరిపిన ప్రయోగాలు 1957లో గ్రంథరూపంలో వచ్చాయి. మీట మీద పొడిచిన ప్రతిసారి గింజ వస్తే పావురం ఆకలి తీరగానే మానుతుంది. ఎన్ని పొడుపులకు గింజ వస్తుందో తెలియకుండా చేస్తే అది విరామం లేకుండా పొడుస్తుంది. గింజలు రావడం ఆగిపోయిన తరువాత కూడా చాలాసేపు మానదు. లాస్ వేగాస్ జూదయంత్రాలు పనిచేసేది ఈ పద్ధతిలోనే. రాక్షసుని నుండి ఏమి రాలుతుందో తెలియని ఆట కూడా ఈ సూత్రానికి బంధువే.

దీనికి తోడు మన లెక్కల భ్రమ ఒకటి. ఒక అపురూపమైన ఖడ్గం నూటికి ఒకటి చొప్పున దొరుకుతుందనుకుందాం. నూరుసార్లు వేటాడితే తప్పక దొరుకుతుందని పిల్లలే కాదు, ఇంజనీర్లయిన పెద్దలు కూడా అనుకుంటారు. దొరకకపోయే అవకాశం ప్రతిసారి నూటికి 99. దానిని నూరుమార్లు గుణిస్తే సుమారు 37 శాతం మిగులుతుంది. అనగా నూరుమంది నూరేసిసార్లు వేటాడితే వారిలో ముప్పై ఏడుగురు వట్టిచేతులతో ఉంటారు. మూడువందలసార్లు వేటాడినా ఐదుగురికి దొరకదు. తొంభై తొమ్మిదిసార్లు విఫలమైనవానికి వందవసారి అవకాశం ఒక్క పిసరు కూడా పెరగదు, గవ్వలకు జ్ఞాపకశక్తి లేదు. "ఇంతసేపు ఆడాను, ఇక వచ్చేస్తుంది" అన్న మాట ఇంట్లో వినిపించినప్పుడు ఈ లెక్క చూపించడం కేకలు వేయడం కంటే ఉపయోగకరం.

అయితే ఈ ఆటల బలమంతా వస్తువు దొరకడంలో ఉన్నదా, వెతకడంలో ఉన్నదా? దీనికి చరిత్రే ఒక ప్రయోగం చేసి చూపింది. 2012 మే నెలలో వచ్చిన డయాబ్లో మూడవ భాగంలో ఆటగాళ్ళు తమకు దొరికిన ఆయుధాలను ఒకరికొకరు వేలంలో అమ్ముకునే సౌకర్యం పెట్టారు. ఆటలోని బంగారంతో కొనవచ్చు, నిజమైన డాలర్లతో కూడా కొనవచ్చు. నెలల తరబడి వెతకవలసిన ఖడ్గం క్షణంలో చేతికి వచ్చింది. వచ్చిన తరువాత ఆడటానికి ఏమీ మిగలలేదు. మాళిగలో ఏది రాలినా వేలంలో అంతకంటే మంచిది చవకగా ఉండేది. చివరకు నిర్మాతలే వేలశాల తమ ఆట ప్రాణాన్ని దెబ్బతీస్తున్నదని ఒప్పుకుని 2014 మార్చి 18న దానిని మూసివేశారు. రాలే వస్తువుల పద్ధతిని కూడా సంస్కరించారు. వెతుకులాటను తీసివేస్తే వైకుంఠపాళిలో నేరుగా పై గడిలో కాయ పెట్టినట్లే.

ఇక పులిజూదం బంధువుల దగ్గరకు వద్దాం. వ్యూహక్రీడలో నిర్ణయాలు ఎంత త్వరగా చిలవలు పలవలుగా పెరుగుతాయో చదరంగం చెబుతుంది. తెల్లపావుల మొదటి ఎత్తుకు 20 దారులు. నల్లపావులు జవాబిచ్చేసరికి 400. ఇరువురూ రెండేసి ఎత్తులు వేసేసరికి 1,97,281. మొత్తం ఆటల సంఖ్య 1 పక్కన 120 సున్నాలకు తక్కువ కాదని 1950లో క్లాడ్ షానన్ అంచనా కట్టాడు. సివిలైజేషన్‌లో అరవై నాలుగు గళ్ళకు బదులు వేలకొలది గళ్ళ భూగోళం, అదీ ప్రతి ఆటకు కొత్తగా గీయబడేది. క్రీస్తుపూర్వం 4000లో ఒక సంచార జనపదంతో ఆట మొదలవుతుంది. నదీతీరాన నగరం కట్టాలా, రెండు రోజుల దారిలో కొండ పక్కన కట్టాలా అన్న మొదటి నిర్ణయం ఫలితం నాలుగువేల ఏళ్ళ తరువాత యుద్ధంలో తెలుస్తుంది. ఆసక్తికరమైన నిర్ణయాల పరంపరే ఆట అన్నది సిడ్ మైయర్ ప్రసిద్ధ నిర్వచనం. ఆసక్తికరం అంటే ఏ దారీ ఎల్లప్పుడూ మంచిది కాకపోవడం.

"ఇంకొక్క వంతు" అనే వ్యసనం దీనిది. దాని యంత్రాంగం కూడా గమనించదగినదే. ఒక నగరంలో గ్రంథాలయం మరి మూడు వంతులలో పూర్తవుతుంది. ఓడ రెండు వంతులలో తీరం చేరుతుంది. గణితవిద్య ఐదు వంతులలో అలవడుతుంది. ఇవన్నీ ఒకేసారి ముగియవు. ఎప్పుడు ఆపుదామన్నా ఏదో ఒకటి రేపో మాపో పండబోతూ ఉంటుంది. రాత్రి పదకొండు గంటలకు మొదలుపెట్టినవాడు పాలవాని వేళకు లేవడం ఇందువల్లనే. అమెరికాలో పాలవాడు రాడు గనుక ఆ హెచ్చరిక కూడా లేదు.

ఈ ఆట పుట్టిననాటి నుండి మన దేశానికి అందులో స్థానం ఉన్నది. 1991 నాటి పద్నాలుగు నాగరికతలలో భారతదేశం ఒకటి, నాయకుడు గాంధీ మహాత్ముడు. ఆ గాంధీ ఉన్నట్టుండి అణ్వస్త్రాలు ప్రయోగిస్తాడని, ఒకటిలోనుండి రెండు తీసివేస్తే యంత్రం పొరబాటున 255 అనుకోవడమే దానికి కారణమని ఒక కథ లోకమంతా ప్రచారమైంది. కంప్యూటరు పాఠాలలో ఉదాహరణగా కూడా చెప్పుకున్నారు. అది కట్టుకథ అని మైయర్ 2020లో తన ఆత్మకథలో స్పష్టం చేశాడు. 2025లో వచ్చిన ఏడవ భాగం తొలి జాబితాలో మౌర్యులు, చోళులు, మొఘలులు ఉన్నారు. కాకతీయులు లేరు!

వ్యూహక్రీడలకు జబ్బులు లేవనుకోరాదు. మొదటిది, గెలుపుదారి తెలిసిపోవడం. తొలి సివిలైజేషన్‌లలో చిన్నచిన్న నగరాలను దగ్గరదగ్గరగా లెక్కలేనన్ని కట్టుకుంటూ పోతే చాలునని ఆటగాళ్ళు కనిపెట్టారు. ఆ దారి దొరికినవానికి కొత్త భూగోళం కూడా పాతదే. నిర్మాతలు 2001 నాటి మూడవ భాగంలో రాజధానికి దూరమైన నగరాలలో అవినీతి పెరిగేటట్లు, 2005 నాటి నాలుగవ భాగంలో ప్రతి కొత్త నగరానికి నిర్వహణ ఖర్చు పడేటట్లు చేసి దానికి కళ్ళెం వేశారు. రెండవది, యంత్రం బలహీన ప్రత్యర్థి కావడం. కఠినస్థాయిలలో అది మరింత తెలివిగా ఆడదు, దానికి ఎక్కువ ధాన్యం, ఎక్కువ సరుకు ఉచితంగా ఇస్తారు. పందెంలో ఎదుటివానికి నాలుగు అడుగులు ముందుగా ఇచ్చినట్లన్నమాట. మూడవది, గెలుపు ఖాయమైన తరువాత మిగిలిన వందల వంతులు చాకిరీగా మారడం. చాలామంది ఆటను చివరిదాకా ఆడటం లేదని నిర్మాతలే గమనించి, ఏడవ భాగాన్ని మూడు యుగాలుగా విడగొట్టారు. పదిసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ముగించే ఆటకు మళ్ళీ ఆడించే గుణం ఉన్నట్లా, మళ్ళీ మొదలుపెట్టించే గుణం ఉన్నట్లా? నా మటుకు రెండవదే నిజమనిపిస్తుంది.

వంతులు లేని వ్యూహక్రీడల కథ కొంచెం వేరు. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగానికి ఇప్పటికీ పోటీలు జరుగుతున్నాయి, ఎదుట మనిషి ఉండటమే దాని రహస్యం.

ఇప్పుడు పోల్చి చూద్దాం. నూరు గంటలు గడిచిన తరువాత మారినదెవరు అన్నది నేను వేసుకునే ప్రశ్న. డయాబ్లోలో వీరుని బలం, కవచం, ఉంగరం మారాయి. అవి యంత్రంలో భద్రంగా ఉంటాయి. సివిలైజేషన్‌లో కొత్త ఆట మొదలుపెడితే నిరుటి సామ్రాజ్యంలో ఒక్క ఇటుక కూడా వెంట రాదు. వెంట వచ్చేది ఆడినవాని తలలో ఉన్నది మాత్రమే. ఆ కారణం చేత దీర్ఘకాలంలో వ్యూహక్రీడదే పైచేయి అని నా అభిప్రాయం. కాని వేటలో నేర్పు లేదనడం అన్యాయం. ఏ శక్తికి ఏ ఆయుధం జోడిస్తే బాగుంటుందో తేల్చుకోవడం స్వయంగా ఒక వ్యూహమే. డయాబ్లో రెండవ భాగంలో ఒకసారి చస్తే వీరుడు శాశ్వతంగా పోయే పద్ధతి కూడా ఉన్నది. దానిని ఎంచుకున్నవానికి పులిజూదం పశ్చాత్తాపం నూరుపాళ్ళూ దక్కుతుంది. పైగా 2013లో న్యూజిలాండు నుండి వచ్చిన పాత్ ఆఫ్ ఎక్సైల్, 2014 నుండి డయాబ్లో మూడవ భాగం, కొద్ది నెలలకొకసారి అందరినీ మళ్ళీ సున్న నుండి మొదలుపెట్టిస్తున్నాయి. ఖాళీ నేల మీద మొదలుపెట్టే ఆనందాన్ని వేటక్రీడలు వ్యూహక్రీడల నుండి అరువు తెచ్చుకున్నాయి. వ్యూహక్రీడలు కూడా తక్కువ తినలేదు. సివిలైజేషన్‌లో దారిన కనిపించే పల్లెలోకి వెళితే బంగారం దొరుకుతుందో, దొంగలు మీద పడతారో తెలియదు. అది గవ్వల పందెమే కదా!

తల్లిదండ్రులు జాగ్రత్తపడవలసినది ఈ రెండింటిలో ఏది అన్నదాని కంటే, పందేనికి పైకం కట్టించుకునే ఆటల విషయంలో. మూసి ఉన్న పెట్టెను డబ్బు పెట్టి కొని, లోపల ఏమున్నదో తరువాత తెలుసుకునే పద్ధతి కొన్ని ఆటలలో వచ్చింది. 2018లో బెల్జియం ప్రభుత్వ జూద నియంత్రణ సంఘం ఇటువంటి కొన్నింటిని జూదంగా నిర్ణయించింది. 2022లో డయాబ్లో కుటుంబం నుండే చేతిఫోనుల కోసం వచ్చిన డయాబ్లో ఇమ్మోర్టల్‌ను బెల్జియంలోనూ, నెదర్లాండ్స్‌లోనూ విడుదల చేయలేదు. స్కిన్నర్ పావురం కనీసం గింజకు ధర చెల్లించలేదు. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులోకి వచ్చిన వ్యాధుల పట్టికలో చేర్చింది. అయితే అందుకు గంటల లెక్క ఒక్కటే చాలదు. ఆపాలన్నా ఆపలేకపోవడం, చదువు, సంసారం దెబ్బతిన్నా కొనసాగించడం, సాధారణంగా ఏడాది పాటు అలా ఉండటం చూస్తారు.

ఇంట్లో నియమం పెట్టుకునేవారికి ఆట నిర్మాణాన్ని బట్టి పెట్టుకుంటే తగవులు తగ్గుతాయి. వేటక్రీడలో వీరుడు తెచ్చిన వస్తువులను సర్దుకోవడానికి ఊరికి తిరిగి వస్తాడు. ఆ ఘడియ సహజంగా ఆపదగిన చోటు. మాళిగ నడుమ "ఇప్పుడే లే" అంటే పిల్లవానికి నిజంగానే నష్టం. వ్యూహక్రీడలో అటువంటి చోటు ఉండదు గనుక వంతుల సంఖ్య ముందే చెప్పుకోవాలి, గడియారం పనికిరాదు.

మనవంటి చెదిరిన కుటుంబాలకు మరొక తేడా కూడా ముఖ్యమే. వేటక్రీడను కలిసి ఆడాలంటే అందరూ ఒకే వేళకు మేలుకుని ఉండాలి. న్యూయార్కులో వేసవి రాత్రి తొమ్మిది గంటలైనప్పుడు విజయవాడలో ఉదయం ఆరున్నర, బడికి తయారయ్యే వేళ. వంతులవారీ ఆటకు ఆ ఇబ్బంది లేదు. సివిలైజేషన్ ఆరవ భాగంలో ఒకరు తమ వంతు ముగించి వెళ్ళిపోతే ఆట నెట్‌లో నిలిచి ఉంటుంది, రెండవవారు తమకు వీలైనప్పుడు తెరిచి ఆడుకోవచ్చు. పూర్వం ఉత్తరాల ద్వారా చదరంగం ఆడినవారు ఒక ఆటకు ఏడాది పట్టినా విసుగుకునేవారు కారు. ఇక్కడి మనవడు పడుకునే ముందు తన ఓడను జరిపితే, అక్కడి పెదనాన్నగారి అమ్మాయి సాయంత్రం బడి నుండి వచ్చి దానిని ముంచుతుంది. మరునాడు ఉదయం అతను లేచి చూసుకుంటాడు.